బావ నిలబెట్టిన రాయి

పోయిన నెల ఒక పొద్దున్నే నాగర్‌కర్నూల్ నుంచి మేనకోడలు ఫోన్ చేసింది. "మామా, నాయన పోయిండు" అంది. నాకు ఫోన్‌లో మాట్లాడటం మొదటి నుంచీ చేతకాదు. "వస్తున్న బిడ్డా" అన్నాను. అంతే. ఫోన్ పెట్టేసినాక చూసుకుంటే రెండో చేతిలో చాయ్ గ్లాసు అట్లాగే ఉంది. చల్లారిపోయింది.

పోయినాయన మా బావ. మా అక్క మొగుడు. కూతుర్ని చూసొస్తామని అక్కను తీసుకొని పోయాడు. రాత్రి మంచిగానే తిన్నాడట. తెల్లవారుతుండగా ఛాతీ పట్టుకున్నాడు. దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయింది.

మట్టి చేసిన మర్నాడు మా ఊరు గట్టులో, చౌరస్తా దగ్గర ఫ్లెక్సీ కట్టారు. బావ ఫొటో పెద్దగా వేశారు. "మా ఇంటి పెద్దదిక్కు, మా బావగారికి కన్నీటి నివాళి" అని రాసి ఉంది. కింద మూలన చేతులు జోడించి నా తమ్ముడి ఫొటో. నేను ఆ ఫ్లెక్సీ ముందు నిలబడి రెండుసార్లు చదివాను. పెద్దదిక్కు అట. ఆ పెద్దదిక్కును ఏండ్ల తరబడి ఒక్క శుభకార్యానికి పిలవనిది ఆ మూలన చేతులు జోడించినాయనే. ఫ్లెక్సీ మీద రాసింది ఊళ్లోవాళ్లు చదువుతారు, నమ్ముతారు. అందుకని నాకు తెలిసింది నేనూ రాస్తున్నాను. నాకు మాటలు తక్కువ. జరిగింది చెప్పడానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు.

బావకు ఉన్నది కాస్త చెల్క భూమి. వానలు పడని ఏడు అక్కను తీసుకొని మట్టిపనికి పోయేవాడు. బొంబాయి, పూనా, ఎక్కడ కాలువ తవ్వితే అక్కడికి. లారీ వెనక ఎక్కి పోవడం, అది ఎక్కడో ఆగిపోవడం, ఆగిన చోటే వండుకోవడం, ఆయన వయసంతా ఇట్లాగే గడిచింది. అందుకే బండి ఆగిపోతే ఆయనకు దిగులుండేది కాదు. మా ముఖాలు వాడిపోయేవి, ఆయన ముఖం విచ్చుకునేది. బండి పూర్తిగా ఆగకముందే దిగి రాళ్ల కోసం చూసేవాడు. "మూడు రాళ్లు దొరికితే ఇల్లే" అనేవాడు.

ఎక్కడికి పోయినా భుజానికి ఒక సంచి ఉండేది. అందులో అగ్గిపెట్టె, కత్తి, ఉప్పు పొట్లం, ఎండు మిరపకాయలు, ఒక చిన్న గిన్నె. అక్క నవ్వేది.

"గద్వాలకు పోనీకి గూడ గిన్నె ఎందుకయ్యా?"

"మనం గద్వాలకే పోతున్నమని బండికి తెల్వదు గదనే."

ఆయన పక్కన ఉంటే నాకు ధైర్యం. కొత్తవాళ్లు ఎవరైనా నన్ను పలకరిస్తే నా బదులు ఆయన జవాబు చెప్పేవాడు. "మా బామ్మర్ది మాటలు మూట గట్టి పెట్టిండు. పండుగకు ఇప్పుతడు" అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. నేను కూడా. ఎదుటివాణ్ణి చిన్నబుచ్చకుండా నవ్వించడం ఆయనకు వచ్చు. మా ఇంట్లో ఇంకెవరికీ రాదు.

ఇక ఆ ప్రయాణం సంగతి.

తమ్ముడి కొడుక్కి చానాళ్లకు కొడుకు పుట్టాడు. మా ఇంటి దేవత అమ్రాబాద్ అవతల అడవి అంచున ఉంటుంది. ఆ తల్లికి మేకపోతును మొక్కుకున్నారు. మా దిక్కు ఆచారం తెలియనివాళ్లకు ఒక ముక్క చెప్పాలి. మొక్కిన పోతును ఊరికే కోయరు. దేవత ముందర నిలబెట్టి వీపు మీద నీళ్లు చల్లుతారు. అది ఒళ్లు విదిలించాలి. విదిలిస్తే తల్లి ఒప్పుకున్నట్టు. విదిలించకపోతే మళ్లీ చల్లాలి, దండాలు పెట్టాలి, తప్పులేమన్నా ఉంటే ఒప్పుకోవాలి. ఇంకొకటి, మొక్కిన పోతు ఒకసారి గడప దాటి పోయిందంటే దాన్ని తిరిగి ఇంటికి తోలుకురాకూడదు.

జీపు కిరాయికి మాట్లాడుకున్నారు. ఆడవాళ్లు, పిల్లలు, మూటలు, వెనక మేకపోతు. గద్వాల దాటాం, కృష్ణ దాటాం, వనపర్తి దాటాం. బిజినేపల్లి ఇంకా రాలేదు, జీపు ముందు భాగంలోంచి పొగ లేచింది. డ్రైవర్ దిగి మూత ఎత్తి చూసి నెత్తి పట్టుకున్నాడు. పట్టీ తెగిందన్నాడు, నీళ్లు కారిపోతున్నాయన్నాడు. దారినపోయే మోటార్‌సైకిల్‌ను ఆపి, దాని వెనకెక్కి సామాను కోసం వనపర్తికి పోయాడు.

ఎండ మండుతోంది. ఒక పక్క పల్లికాయ చేను, ఒక పక్క గుట్ట. చేను గట్టు మీద ఒక వేపచెట్టు. తమ్ముడు రోడ్డు మీద అటూ ఇటూ తిరుగుతూ "మంచి గడియ పాయె, అంత ఆగమాయె" అంటున్నాడు. తమ్ముడి భార్య డ్రైవర్‌ను తిట్టింది, జీపు మాట్లాడినవాణ్ణి తిట్టింది, ఆ రోడ్డు వేసినవాణ్ణి కూడా వదల్లేదు.

బావ అప్పటికే రాళ్లు ఏరుతున్నాడు.

"ఏం జేస్తున్నవ్ బావా?" అన్నాడు తమ్ముడు.

"పొయ్యి పెడుతున్న."

"దేవుని కాడికి పోతూ నడిమిట్ల పొయ్యేంది?"

"యాడ పోతున్నం? బండి ఆగింది. బండి ఆగితే మనం గూడ ఆగాల్నా?"

ముందు చాయ్ పెట్టాడు. పొగ చూసి చేను ఆమె వచ్చింది. కొంగు నడుముకు చుట్టి, చేతిలో కొడవలి.

"ఎవర్రా అది, నా చేన్ల నిప్పు పెడుతున్నరు?"

"చేన్ల గాదక్కా, గట్టు మీద. నీ చేను సల్లగుండ, జర కూసో. చాయ్ తాగు."

"నీ చాయ్ ఎవనికి గావాలె? యాడోళ్లు మీరు?"

"గట్టు దిక్కోళ్లం."

"నా చేను తగలబెట్టనీకి అంత దూరం నుంచి వచ్చిన్రా?"

అన్నది గానీ కూర్చుంది. తాగి, బెల్లం ఎక్కువైందని వంక పెట్టింది. తర్వాత చేనులోకి పోయి ఇన్ని పచ్చి పల్లికాయ కట్టలు పీక్కొచ్చి పొయ్యి పక్కన పడేసింది. "పిల్లలకు కాల్చిపెట్టుండ్రి, ముఖాలు చూడు ఎట్లయినయో" అంది. బావ పిల్లలందరినీ చుట్టూ కూర్చోబెట్టి పల్లికాయ కాల్చాడు. మసి అంటిన చేతులతో వాళ్లకు మీసాలు దిద్దాడు. ఆడవాళ్లు పాట ఎత్తుకున్నారు. తమ్ముడు కూడా చెట్టు కింద కండువా పరుచుకొని పడుకున్నాడు. పడుకొని, మా చిన్నప్పుడు నాన్న ఎడ్లబండి ఇరుసు విరిగిన కథ చెప్పాడు. మేమిద్దరం కలిసి నవ్వి అప్పటికి ఎన్నేండ్లయిందో. ఆ తర్వాత మళ్లీ నవ్వలేదు.

ఎండ దిగుతుండగా డ్రైవర్ వచ్చాడు. "అసలు సామాను దొరకలే. రేపటికి తెప్పిస్తమన్నరు. పాతదొకటి కట్టి చూస్త" అన్నాడు. దానితో అడవి దాకా పోలేమని అందరికీ తెలుసు. పోయినా సాయంత్రం దాటితే అడవి దారి గేటు వేసేస్తారు. రేపటి నుంచి మంచి రోజులు లేవని అయ్యగారు ముందే చెప్పాడు. మేకపోతును ఇంటికి తోలుకుపోవడానికి లేదు. తెచ్చుకున్న రొట్టెలు ఎప్పుడో అయిపోయాయి. పిల్లలు ఆకలని ఏడుపు మొదలుపెట్టారు.

"ఏం జేద్దాం బావా? నువ్వే చెప్పు" అన్నాడు తమ్ముడు. ఈ మాట అన్నది తమ్ముడే. నేను పక్కనే ఉన్నాను.

"నేనేం చెప్తరా? చెప్పాల్సింది అమ్మ" అన్నాడు బావ.

డ్రైవర్ పాత పట్టీ కట్టి, రేడియేటర్‌లో నీళ్లు పోయమన్నాడు. బావ బిందె ఎత్తాడు. మేకపోతు జీపు ముందర నీడలో పడుకొని ఉంది. గులకరాళ్ల మీద బావ కాలు జారింది. బిందె ఒరిగి నీళ్లన్నీ పోతు వీపు మీద పడ్డాయి. అది దిగ్గున లేచి, చెవుల నుంచి తోక దాకా ఒళ్లంతా విదిలించింది. ఆ తుంపరలు మా అందరి మీదా పడ్డాయి.

అప్పుడు తమ్ముడి భార్య రెండు చేతులూ పైకెత్తింది. "ఇచ్చిందమ్మో! తల్లి ఒప్పుకుంది!" అని అరిచింది. మొదట అరిచింది ఆమె. ఈ చెవులతో విన్నాను.

"అయితే ఇంకేంది? మనం పోలేమని తల్లే ఎదురొచ్చింది" అన్నాడు బావ.

"అంతే, అంతే" అన్నాడు తమ్ముడు.

దేవత లేకుండా ఎట్లా కోస్తాం అని బావ ఒక పొడుగాటి రాయి వెతికి తెచ్చాడు. కడిగి వేపచెట్టు మొదట్లో నిలబెట్టాడు. అక్క పసుపు రాసి బొట్లు పెట్టింది. నేను కొబ్బరికాయ కొట్టాను. తమ్ముడు నేల మీద పడి మొక్కాడు. లేచి కత్తి అడిగింది కూడా తమ్ముడే.

ఆ వంట బావదే. చేను ఆమె మిరపకాయలు తెచ్చింది, తినడానికి కూర్చుంది. దారినపోయే లారీ డ్రైవర్లు వాసనకు ఆగారు. బావ వాళ్లనూ కూర్చోబెట్టాడు. తమ్ముడు మళ్లీ మళ్లీ వడ్డించుకున్నాడు. "బావా, నీ చేతిల ఏమున్నదో గానీ" అన్నాడు, మూలుగ పీలుస్తూ. బావ అందరి తర్వాత గిన్నె అడుగు ఊడ్చుకొని తిన్నాడు. పొద్దు గూకినాక మమ్మల్ని తీసుకుపోవడానికి ఇంకో బండి దొరికింది. ఎక్కుతుంటే చేను ఆమె అడిగింది.

"ఈ రాయినేం జేయాలె నేను?"

"ఉండనియ్యక్కా. ఇంకెవలదన్న బండి ఆగితే అక్కరకొస్తది."

ఆ సంతోషం మాకు రెండేండ్లు ఉంది.

ఆ మొక్కు పిల్లవాడికి, తమ్ముడి మనవడికి, మాట రాలేదు. పిలిస్తే తిరిగి చూసేవాడు కాదు. తమ్ముడి ఇంట్లో పరేషాన్ అయ్యారు. ఎవరినో అడిగితే, మొక్కులో దోషం ఉందన్నారట. దోషమనగానే అందరికీ ఆ రోడ్డు గుర్తొచ్చింది. "అమ్మకు పోవాల్సిన పోతును నడి రోడ్డు మీద కోసి తిన్నడు" అన్నది తమ్ముడి భార్య. రెండు చేతులూ పైకెత్తిన ఆమే. తిన్నడు అన్నది, తిన్నం అనలేదు. ఒక్క మనిషి ఒక మేకపోతును మొత్తం తిన్నట్టు చెప్పుకున్నారు. కావాలనే నీళ్లు పోశాడని కూడా అన్నారు. చుట్టాల్లో ఆ మాటే నిలబడిపోయింది.

నేను ఒకసారి తమ్ముడితో అన్నాను. "మనందరం తిన్నం గదరా."

"నువ్వు గూడ ఆయన దిక్కేనా?" అన్నాడు. ఆ తర్వాత నాతో కూడా ముక్తసరి మాటలే.

అప్పటి నుంచి వాళ్లింట్లో పెండ్లయినా, పేరంటమైనా అక్కకు మాత్రం కబురొచ్చేది. బావ పేరు ఎత్తేవాళ్లు కాదు. ఇంటి అల్లుణ్ణి వదిలేసి ఆడబిడ్డను పిలవడం ఏం పిలుపు? అక్క పోయేది కాదు. పుట్టింటి గడప అట్లా ఆమెకు కూడా లేకుండా పోయింది. బావ పైకి ఏమీ అనేవాడు కాదు. కానీ అక్కడ ఏదన్నా కార్యం ఉందని తెలిస్తే, ముందు రోజే తెల్ల ధోవతి ఉతికి ఆరేసుకునేవాడు. సంచిలో ఉప్పు పొట్లం మార్చేవాడు. ఆయన కోరుకున్నది ఒక్కటే. తమ్ముడు వచ్చి "బావా, రా" అనాలి. బావ ఉండేదీ మా ఊళ్లోనే, ఇద్దరి ఇండ్ల మధ్య ఉన్నది రెండు వీధులు. ఆ రెండు వీధులు నడిచి ఎవరూ రాలేదు.

అంగన్‌వాడీ టీచరమ్మ చెప్పి చెప్పి పిల్లవాడి చెవులు దవాఖానలో చూపించింది. పుట్టుక నుంచే వినికిడి తక్కువన్నారు. చెవికి మిషన్ పెట్టారు. మెల్లమెల్లగా మాటలొచ్చాయి. ఇప్పుడు బడికి పోతున్నాడు, పోట్లాటలు కూడా పెట్టుకుంటున్నాడు. నేను ఆశపడి తమ్ముడింటికి పోయాను. "ఇంక బావను పిలువురా" అన్నాను.

"మాటలు మిషన్ తోటి వచ్చినయ్. అమ్మ తోటి గాదు" అన్నాడు.

మాట పోతే అమ్మ తీసుకుపోయినట్టు. మాట వస్తే మిషన్ తెచ్చినట్టు. లేచి వచ్చేశాను.

దోషం పోవాలని వాళ్లు మళ్లీ మొక్కు చేశారు. కొత్త కారు, కొత్త పోతు, అమ్రాబాద్ ప్రయాణం. నన్ను పిలిచారు. మోకాళ్లు నొస్తున్నాయని నేను పోలేదు. ఆ రోజు బావ మా ఇంటికి వచ్చాడు. ఉతికిన ధోవతే కట్టుకున్నాడు. అరుగు మీద కూర్చున్నాడు. సాయంత్రం వాళ్ల కారు వచ్చిన చప్పుడైంది.

"బండి యాడన్న ఆగిందంటనా?" అన్నాడు.

"ఆగినట్టు లేదు."

"పాపం" అన్నాడు.

నేను ఆయన ముఖం చూశాను. ఎగతాళి లేదు. నిజంగానే జాలిపడ్డాడు.

ఇంకొక సంగతి ఉంది. ఇది ఆయన నా ఒక్కడికే చెప్పాడు. ఒకసారి నాగర్‌కర్నూల్‌లో కూతురింటికి పోయి వస్తూ గద్వాల బస్టాండ్‌లో నన్ను కలిశాడు. పక్కకు పిలిచి, చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాడు.

"మన రాయికి చీర గట్టిన్రు రా బామ్మర్ది."

"ఏ రాయికి?"

"వేపచెట్టు కిందిది. పైన రేకు గూడ ఏసిన్రు. ఆ చేను అక్కదే పని అయి ఉంటది. బొట్లేంది, నిమ్మకాయలేంది!" పండ్లు లేని నోరు తెరిచి నవ్వాడు. "మీ తమ్మునికి చెప్పకు. పోయి పీకేస్తడు."

"దిగి మొక్కినవా మరి?"

నవ్వు ఆగిపోయింది. "యాడ దిగుత? బస్సు ఆగలే" అన్నాడు.

ఆయన చెప్పొద్దన్నాడు. నేను చెప్పలేదు.

పోయిన నెల ఫోన్ వచ్చినాక తమ్ముడు, నేను వాళ్ల కారులోనే నాగర్‌కర్నూల్ పోయాం. ఆ వేపచెట్టు దగ్గర కారు జోరుగా పోయింది. నాకు ఏదో ఎర్రగా కనబడి వెనక్కి పోయింది. దవాఖాన ముందు బావను తెల్లగుడ్డలో చుట్టి పెట్టారు. ఆయనను కిరాయికి మాట్లాడిన అంబులెన్స్ బండిలోకి ఎక్కించేటప్పుడు తమ్ముడు ఒక్కసారిగా గట్టిగా ఏడ్చాడు. "బావా, రా బావా! ఇంటికి పోదాం రా!" అన్నాడు.

ఆ మాట కోసం ఎన్ని ధోవతులు ఉతికాడో ఆయన. అప్పుడు రెండు వీధులు నడవలేనివాడు, వినేవాడు లేనప్పుడు అన్ని ఊళ్లు దాటి వచ్చి అన్నాడు. అక్క తమ్ముడి దిక్కు చూసి, కొంగు ముఖం మీదికి లాక్కుంది.

వెనక అక్క బావ తల దగ్గర, నేను కాళ్ల దగ్గర కూర్చున్నాం. తమ్ముడు ముందు, డ్రైవర్ పక్కన. బిజినేపల్లి దాటి కాస్త దూరం వచ్చామో లేదో, బండి నెమ్మదైంది, ఆగింది. డ్రైవర్ దిగుతున్నాడు.

"ఏమైంది? బండి ఖరాబైందా?" అన్నాడు తమ్ముడు.

"లేదు పెద్దయ్యా. ఈడ ఆపి పోవాలె. ఆపకపోతే ముందల బండి సతాయిస్తది. ఈ తొవ్వల నడిచే డ్రైవర్లందరం ఆపుతం."

"శవాన్ని పెట్టుకొని దేవత కాడ ఆపుతవా? మైల గాదా?"

"ఈ తల్లి రోడ్డు మీది తల్లి. ఈమెకు మైల లేదు. ఎవల బండి ఆగితే వాళ్లను చూసుకుంటది."

కిటికీలోంచి చూశాను. వేపచెట్టు పెద్దదైంది. రేకు కింద ఎర్ర చీర, పూల దండలు, కొబ్బరి చిప్పలు. ఎన్నేండ్ల పసుపో, రాయి రెట్టింపు లావైంది. అయినా ఆ పొడుగు, పైన ఆ చిన్న వంకర గుర్తుపట్టాను. అక్క కూడా చూసింది. "ఈడనే గదరా" అంది.

డ్రైవర్ మాటకు తమ్ముడు భయపడ్డట్టున్నాడు. దిగాడు, చెప్పులు విడిచాడు, రేకు కిందికి పోయి కండ్లు మూసుకొని చేతులు జోడించాడు. వంగి కుంకుమ తీసుకొని నుదుట పెట్టుకున్నాడు. మళ్లీ బండి దగ్గరికి వచ్చాక నేను కిటికీలోంచి చెప్పాను. ఇంక చెప్పొద్దనే మనిషి లేడు.

"ఆ రాయి బావ నిలబెట్టిందే."

తమ్ముడు నా దిక్కు చూశాడు, రాయి దిక్కు చూశాడు, చెట్టు దిక్కు చూశాడు. తెలిసింది. తెలిసినట్టు ముఖంలో కనబడింది. నుదుటి దాకా చెయ్యి పోయింది, కుంకుమ తుడుచుకుంటాడేమో అనుకున్నాను. తుడుచుకోలేదు.

"శవం ముందర గిసొంటి మాటలేంది?" అన్నాడు. పోయి ముందు సీట్లో కూర్చున్నాడు.

డ్రైవర్ సీసాతో నీళ్లు తెచ్చి కొన్ని రాయి మీద పోశాడు. మిగిలినవి బండి చుట్టూ తిరుగుతూ చల్లాడు. వెనక కిటికీ తెరిచే ఉంది. కొన్ని నీళ్లు లోపలికి వచ్చి బావ మీద కప్పిన తెల్లగుడ్డ మీద పడ్డాయి.

గుడ్డ ఆ నీళ్లను పీల్చుకుంది. అక్క చూస్తోంది, నేనూ చూస్తున్నాను. ఒళ్లు విదిలిస్తాడేమోనని, బండి కదిలేదాకా ఇద్దరం అట్లాగే చూస్తూ ఉన్నాం.